స్టేజీ కింద డ్రమ్స్

మా బ్యాండును చర్చిలో గోల అన్నారు, పబ్బులో భజన అన్నారు. ఒక పబ్బు మేనేజరు మా పాటలన్నీ విని, ట్యూన్లు బాగున్నాయనీ, యేసు పేరు ఉన్నచోటల్లా 'నువ్వు' అని మార్చుకుంటే ప్రతి శుక్రవారం పిలుస్తాననీ అన్నాడు. చర్చిలో ఒక పెద్దమనిషి యేసు పేరు ఉంచి గిటారు తీసేయమన్నాడు. ఇద్దరికీ కుదరదనే చెప్పాం. దాంతో మాకు మిగిలినవి కాలేజీ ఫెస్టులు, తెలిసినవాళ్ళ మేడలు, ఫోనులో విని మెసేజ్ పెట్టే కొద్దిమంది. అది చాలదా అంటే, చాలదు. నాకు పెద్ద హాలు కావాలి, అదీ మా సొంత చర్చి హాలే కావాలి.

మేం ముగ్గురం. పాడుతూ గిటారు వాయించేది నేను. బాస్ గిటారు నా ఆఫీసులోనే పనిచేసే హైదరాబాదీ స్నేహితుడిది. డ్రమ్మరు బెంగళూరు నగర్తపేటలో తాతల కాలం నుంచి బట్టల వ్యాపారం చేస్తున్న తెలుగు ఇంటివాడు, హిందువు. మా పాట సగం దాకా చెవిలో చెప్పినట్టు నడుస్తుంది. ఆ తర్వాత గిటారు గరగరలాడుతూ లేస్తుంది, ఇక దేవుడితో పోట్లాటే. ఎందుకు మాట్లాడవని ఆయన్ను నిలదీస్తాం, జవాబు వచ్చేసిందని మాత్రం అబద్ధం చెప్పం. ఆ రెండు సగాల మధ్య కాసేపు అంతా ఆగిపోతుంది. మళ్ళీ ఎప్పుడు మొదలవ్వాలో మా డ్రమ్మరుకు తప్ప ఎవరికీ తెలియదు. వాడు లేకపోతే మాది ఉత్త అరుపే.

ప్రాక్టీసు వాళ్ళ షాపు పైనున్న గోడౌనులో. చుట్టూ బట్టల బేళ్ళు ఉండటంతో శబ్దం బయటికి పోదు. సాయంత్రం వాళ్ళమ్మ షాపులో లక్ష్మీదేవి పటానికి దీపం పెట్టి, మాకు కాఫీ పట్టుకుని మెట్లెక్కి వచ్చేది. "మీ దేవునికి చెవుడేమమ్మా, ఇంత గట్టిగా అరస్తారు?" అని నవ్వేది. వాయించే ముందు మేం ప్రార్థన చేసుకుంటే వాడు కూడా స్టిక్స్ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. మేం ఆమెన్ అనడమే ఆలస్యం, పాట మొదలుపెట్టేస్తాడు.

ఆ కళ్ళు మూసుకోవడమే కొంప ముంచింది. మా చర్చివాళ్ళొకరి ఇంట్లో కృతజ్ఞత ప్రార్థనల కూడిక జరిగితే వెళ్ళి నెమ్మదైన పాటలు పాడాం. మా కూడికల్లో ముగింపు ప్రార్థన ఎవరు చేస్తారో ముందుగా చెప్పరు. పాస్టరుగారి చూపు ఎవరి మీద పడితే వాళ్ళే లేవాలి. ఆ రోజు అందరికంటే భక్తిగా తల వంచుకుని కూర్చున్నది మా డ్రమ్మరు. "ఆ తమ్ముడు ముగింపు ప్రార్థన చేస్తారు" అన్నారు పాస్టరుగారు. ఏవో నాలుగు మాటలు గొణిగేస్తే సరిపోయేది. వాడు లేచి నిలబడ్డాడు.

"నాకు ప్రార్థన చేసేకి రాదప్పా. మా ఇంట్లో వేరే పద్ధతి ఉండాది. మీరు చేయండి, నేను కండ్లు మూసుకోని ఉంటాను."

నాకు వాడి మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. చర్చికి మాత్రం భయం పుట్టింది. అప్పటికే కె.ఆర్.పురంలో మా చర్చి యూత్ మీటింగులో మేం పాడటానికి ఒప్పుకుని ఉన్నారు. సంఘ పెద్దల్లో మా నాన్న ఒకరు, కబురు ఆయనే ఇంటికి మోసుకొచ్చారు.

"బాప్తిస్మం లేనివాళ్ళు వేదిక ఎక్కకూడదమ్మా. డ్రమ్స్ బదులు కీబోర్డులో రిథమ్ పెట్టుకోండి."

"ఆ పాటలు పుట్టింది వాళ్ళ గోడౌనులో నాన్నా."

"తెలుసు. నువ్వు నా కూతురివని నియమం మార్చలేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. సంగతి చెప్పగానే డ్రమ్మరు తేలిగ్గా తీసుకున్నాడు. "నా వల్ల మీ ఇంట్లో జగళ, కొట్లాట వద్దు. మీరిద్దరూ పోయి వాయించండి" అన్నాడు. నోరు మూసుకోమన్నాను. బాసిస్టు మాత్రం, "వేదిక ఎక్కొద్దన్నారు, ఓకే. వాయించొద్దు అనలేదు కదా?" అన్నాడు.

మీటింగు రోజు అందరికంటే ముందే వెళ్ళి, స్టేజీ ముందు పిల్లలు కూర్చునే చాప మీద డ్రమ్స్ బిగించాం. వాటికి చెరోపక్క మేమిద్దరం నిలబడ్డాం. పైన బ్యానరు, పూలు, ఖాళీ స్టేజీ. ఒక పెద్దాయన వచ్చి, మీ ఇద్దర్ని ఎవరూ వద్దనలేదు, పైకి రండి అన్నారు.

"ఎక్కితే ముగ్గురం ఎక్కుతాం సార్. లేకపోతే ఇక్కడే" అన్నాను. కాలు కదపలేదు.

హాలు నిండింది. మమ్మల్ని పరిచయం చేయాల్సింది మా నాన్న. మైకు పట్టుకుని స్టేజీ మీద ఒక్కరే నిలబడి కిందికి చూశారు. వద్దనాలంటే అదే సమయం. పెద్దలందరూ ఆయన వైపే చూస్తున్నారు.

"ఇప్పుడు మన పిల్లలు ముగ్గురూ పాడతారు" అన్నారు.

పాడాం. మధ్యలో అంతా ఆగినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టింది. డ్రమ్స్ మళ్ళీ పడ్డప్పుడు వెనక వరసల్లోని కుర్రకారు లేచి నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఇంటికి వెళ్తుంటే ఆటోలో నాన్న అన్నారు, "నియమం మారలేదమ్మా."

"మేమూ మారలేదు నాన్నా."

ఆ తర్వాత చాలా చర్చిలు పిలిచాయి, ఇప్పటికీ పిలుస్తున్నాయి. ఎక్కడికెళ్ళినా నేల మీదే వాయిస్తాం. చూసినవాళ్ళు అదేదో మా స్టైల్ అనుకుంటారు, కొత్త బ్యాండ్లు కొన్ని కాపీ కూడా కొడుతున్నాయి. స్టేజీ ఎక్కాలని నాకు లేకపోలేదు. మా చర్చిలో వాణ్ణి ఎక్కనిచ్చిన రోజు ఎక్కుతాను.