యాదగిరి సార్ తగ్గించిన వేగం

నిన్న మెదక్‌లో ఒక ఇంట్లో పాత రూటర్ మూత తీయగానే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు యాదగిరి సార్ గుర్తొస్తారు. పట్టణంలో ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే చిన్న ఆఫీసు ఆయనది. అక్కడ నేను ఆరేళ్లు లైన్లు సరిచేసే పని చేశాను. ఆయన మెత్తని మనిషేమీ కాదు. పని సగం చేసి వస్తే మొహం మీదే అనేవారు.

మా పనిలో ఒక అలవాటు ఉంది. నెట్ ఆగుతోందని ఎవరైనా అంటే వెళ్లి, ఇంట్లో ఫోన్లన్నీ ఆపించి, స్పీడ్ టెస్ట్ పెట్టి, అంకె చూపించి వచ్చేయడం. సరిత ఇంట్లో నేను రెండుసార్లు అదే చేశాను. ఇంటి నుంచే ఒక కంపెనీ కాల్స్ మాట్లాడే ఉద్యోగంలో ఆమె కొత్తగా చేరింది. మాట తెగిపోతోందని, మళ్లీ తెగితే ఉద్యోగం ఉండదని పైవాళ్లు హెచ్చరించారు. నా ఫోన్లో మాత్రం అంకె నిండుగా వంద వచ్చింది. పెద్ద ప్లాన్ తీసుకొమ్మని చెప్పి చేతులు దులుపుకొన్నాను.

మూడోసారి సార్ కూడా వచ్చారు. "ఏదీ బంద్ పెట్టకుండ్రి. రోజు ఏం జేస్తరో గదే చెయ్యుండ్రి," అన్నారు. సరిత భర్త రమేశ్ పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్. పక్క గదిలోంచి అతను ఏడుపాయల గుడిలో జరిగిన పెళ్లి వీడియోలు నెట్‌లో పంపడం మొదలుపెట్టగానే సరిత కాల్ ముక్కలైపోయింది. సార్ నా వైపు తిరిగారు. "పెండ్లి సామానంత లారీల ఎక్కిస్తుంటే, ఎనక ఒక్క చీటీ పట్టుకొని నిలవడ్డట్టున్నది ఆమె మాట. పెద్ద లారీ తెస్తే ఏం ఫాయిదా? చీటీని ముందుగాల పోనియ్యాలె."

రూటర్‌లో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి మరొకటి ఎక్కించారు. పంపాల్సినవి లోపల వరుసకట్టి పేరుకోకుండా, లైను మోయగలిగినదానికన్నా వేగం కాస్త తగ్గించారు. పెద్ద ఫైళ్ల మధ్యలోంచి మాట ముందుగా పోయేలా పెట్టారు. వీడియోలు పోతూనే ఉన్నాయి, సరిత గొంతు ఒక్కసారి కూడా తెగలేదు.

పది రోజులకు రమేశ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. సార్ రామాయంపేటకు వెళ్లి ఉన్నారు. "అక్కా, సార్ వచ్చి పోయినంక స్పీడ్ తగ్గింది. ఎనబై అయిదే చూపిస్తుంది. మేం వందకే గదా తీసుకున్నది?" అన్నాడు. అంకె తగ్గితే నాకూ నామోషీగానే ఉండేది. ఆఫీసు నుంచే, వేగానికి సార్ పెట్టిన హద్దు తీసేశాను. వంద వచ్చింది, రమేశ్ సంతోషించాడు. సార్‌కు చెప్పడం మరిచిపోయానంటే అబద్ధం. కావాలనే చెప్పలేదు. నాలుగోనాడు సరిత కాల్ మధ్యలో తెగింది. ఆ సాయంత్రమే ఉద్యోగం పోయింది.

సంగతి తెలియగానే సార్ ఆ రూటర్ సెట్టింగులు తెరిచి చూశారు. "ఎవలు తీసిండ్రు?"

"నేనే సార్. వంద రావాలని."

"నువ్వు నౌకరి జేస్తున్నది అంకెకా, ఆ పిల్లకా?" అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నన్ను రావద్దని, సరిత ఇంటికి ఒక్కరే వెళ్లి సరిచేసి వచ్చారు. హమ్మయ్య అనుకున్నాను. సిగ్గు కూడా వేయలేదు.

నిరుడు సార్ పోయారు. దశదిన కర్మ నాడు సరిత వచ్చింది. అప్పటికి ఆమె వేరే కంపెనీలో కుదురుకుంది. నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "నౌకరి పోయిన తెల్లారి సార్‌ను వాకిట్లనే నిలవెట్టి నోటికొచ్చినట్టు తిట్టిన అక్కా. 'నేనే తీసిన బిడ్డా, తప్పు నాదే' అనుకుంట తల వంచుకొని నిలవడ్డడు."

"తీసింది నేను," అన్నాను.

ఆమె తిడితే బాగుండుననిపించింది. "అప్పుడే చెప్తే అయిపోతుండె గదక్కా," అని లేచి వెళ్లిపోయింది.

ఆ ఆఫీసు ఇప్పుడు నేను నడుపుతున్నాను. నా కింద ముగ్గురు పనిచేస్తున్నారు. వాళ్లలో ఎవరు తప్పు చేసినా ఆ ఇంటికి నేనే వెళ్తాను. తప్పు చేసినవాళ్లను మాత్రం వెంటబెట్టుకునే వెళ్తాను.