పెద్దక్క తెచ్చే బియ్యం

బోధన్‌లో మా చర్చి స్త్రీల సమాజపు పెద్దక్కను తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆమె బియ్యం సంచే గుర్తొస్తుంది. వంట చేసేటప్పుడల్లా దేవుడి పేర పిడికెడు బియ్యం తీసిపెట్టి, ఆదివారం చర్చికి తేవడం మా అలవాటు. చెరుకు కోతకు పోలేని ఒక ముసలవ్వ ఆ బియ్యంతోనే బతికేది. అందరికంటే పెద్ద సంచి ఈ అక్కదే. అందులో ఉండేది మాత్రం పురుగులు పట్టిన రేషన్ బియ్యం. ఇంట్లో సన్నబియ్యం తినే మనిషి ఆ సంచి పైకెత్తి, “త్యాగం చెయ్యాలె” అని మాకు చెప్పేది.

ఒకరోజు ఉండబట్టక, “పురుగులు గూడ కానుకేనా అక్కా?” అన్నాను.

“దేవుడు మనసు సూస్తడు తమ్మీ, బియ్యం గాదు.”

“దేవుడు తినడు గద అక్కా, అవ్వ తింటది.”

చర్చంతా నవ్వింది. ఆమె త్యాగం గురించి చెప్పడం మానలేదు, బియ్యం తేవడం మానేసింది.

అవ్వ నన్ను పిలిచి, “నీకు నవ్వులాటైంది బిడ్డా. పురుగులు ఏరుకొని తింటుంటి గద” అంది.