తుల్సీబాయి గొంతు

తుల్సీబాయికి నటన భర్త కళ్లు పోయిన తర్వాత అబ్బింది.

ఆమె భర్త చత్రు మహబూబాబాద్ వైపు ఒక గ్రానైట్ క్వారీలో పనిచేసేవాడు. ఒకనాడు మందు పెట్టిన రాయి ఎంతకీ పేలకపోతే, దగ్గరికి పోయి వంగి చూశాడు. అప్పుడు పేలింది. ప్రాణం దక్కింది కానీ చూపు దక్కలేదు. తొర్రూరుకు దగ్గరలోని తండాలో, రేకుల ఇంటి ముందు మంచం మీద కూర్చోవడమే ఇక అతని పని అయింది.

తుల్సీబాయి కూలికి పోయేది. మిరపకాయలు ఏరడం, పత్తి తీయడం, ఏది దొరికితే అది. పొద్దు గూకేసరికి వచ్చి కాళ్లు కడుక్కొని అతని పక్కన కూర్చునేది. "ఏమేం సూసినవ్ ఇయ్యాల?" అని అడిగేవాడు చత్రు. మొదట్లో ముక్తసరిగా చెప్పేది. అతని మొహంలో మార్పు ఉండేది కాదు. ఒకరోజు బస్సులో కండక్టర్ కసురుకున్న తీరును అదే గొంతుతో అని చూపిస్తే చత్రు నవ్వాడు. దవాఖాన నుంచి వచ్చాక నవ్వడం అదే మొదటిసారి. ఆనాటి నుంచి ఆమె మనుషులను మోసుకొచ్చినట్టు ఇంటికి తీసుకొచ్చేది. ముక్కుతో మాట్లాడే మిరపతోట ఆసామి, ఫోనులో బతిమాలుతూ బయట బెదిరించే మేస్త్రీ, తొర్రూరు అంగట్లో బేరమాడే ముసలవ్వలు. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ భాష. కానీ తెలుగువాళ్ల మాటలు తెలుగులోనే, ఎవరి యాస వారిదిగా చెప్పేది. చిన్న కూతురు దీప బడి నుంచి వచ్చి పుస్తకం ముందు వేసుకొని, చదవకుండా తల్లి మాటలే వినేది. నాకు ఈ కథ చెప్పింది ఆ దీపే.

ఒక్క సంగతి మాత్రం తుల్సీబాయి భర్తకు ఎన్నడూ చెప్పలేకపోయింది. వాళ్ల పెద్దకూతురు లత చిన్నతనంలోనే పోయింది. అప్పటికి చత్రు చూపున్న మనిషి, పుణె దగ్గర కట్టడం పనికి వలస పోయి ఉన్నాడు. పిల్లకు జ్వరం తలకెక్కితే, వానకు బాట తెగిపోయి బండి ఏదీ రాకపోతే, తుల్సీబాయి పిల్లను భుజాన వేసుకొని తొర్రూరు దవాఖానకు నడిచింది. దవాఖాన చేరకముందే లత పోయింది. కబురు అంది చత్రు ఇల్లు చేరేసరికి పిల్లను మట్టిలో పెట్టేశారు. "తొవ్వల ఏమన్న మాట్లాడిందా?" అని ఒక్కసారి అడిగాడు. తుల్సీబాయి నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్లీ అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. అలాగే ఏళ్లు గడిచాయి.

దీప డిగ్రీలో చేరిన ఏడాది తండాకు సినిమావాళ్లు వచ్చారు. దర్శకుడి పేరు ప్రదీప్. ఆ వైపే నర్మెట్ట అనే ఊరి మనిషి, అదే అతని మొదటి సినిమా. తల్లి వేషానికి హైదరాబాద్ నుంచి వచ్చిన నటికి మిరప ఘాటు పడలేదు. దగ్గి దగ్గి, ఊపిరాడక వెళ్లిపోయింది. షూటింగ్ ఆగింది. ప్రదీప్ పరేషాన్‌లో ఉండి, ఏదో సీను కోసం మంచం అడుగుదామని చత్రు ఇంటి వైపు వచ్చాడు. తడక అవతల తన గొంతే వినపడింది.

"అరే, గా బర్రెను పక్కకు కొట్టుర్రి. ఎవలయ్యా కెమెరా ముందు నిలవడ్డది? నా పానం తియ్యకుర్రి జర."

లోపలికి తొంగి చూస్తే, చీర కొంగు నడుముకు దోపి, ఒక చేయి గాలిలో ఊపుతూ తుల్సీబాయి నిలబడి ఉంది. మంచం మీద గుడ్డి మనిషి కడుపు పట్టుకొని నవ్వుతున్నాడు. ఆమె ప్రదీప్‌ను చూసి సిగ్గుతో గోడ మూలకు పోయింది.

"తప్పైంది సారూ. మా ఇంటాయనకు కనవడది. మీరు ఎట్ల చేస్తున్నరో చెప్తున్న."

"తప్పేం లేదమ్మా," అన్నాడు ప్రదీప్. "గిట్లనే నా సిన్మాల చెయ్యాలె నువ్వు."

ఆమె భర్త వైపు చూసింది. "చెయ్యి తుల్సీ," అన్నాడు చత్రు. "నేనొక్కన్నే వింటున్న ఇన్నొద్దులు."

కెమెరా ముందు ఆమె భయపడలేదు. అటువైపు చత్రు కూర్చున్నాడనుకొని చెప్పేదట. చదువు రాదు కాబట్టి దీప పక్కన నిలబడి మాటలు చదివి వినిపించేది. ఒకసారి వింటే చాలు. ప్రదీప్ కూడా ఆమె మాటలను సరిచేయలేదు. "నీ మాటనే ఉండాలె, నీ గొంతే ఉండాలె. ఇంకెవలతోటి చెప్పియ్య," అన్నాడు. ఆ రోజు అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఒక సీను గురించి ఆమెకు ముందు చెప్పలేదు. జ్వరంతో ఉన్న కూతుర్ని తల్లి ఆటోలో దవాఖానకు తీసుకుపోతుంటే, పిల్ల దారిలో ఒడిలోనే పోతుంది. లత సంగతి ప్రదీప్‌కు తెలియదు. దీప కాగితం చూసి, చదవకుండా నిలబడిపోయింది.

"చదువు బిడ్డా," అన్నది తుల్సీబాయి.

దీప చదివింది. తల్లి విన్నది. ఆటో ఎక్కి, ఆ పిల్ల తలను ఒడిలో పెట్టుకున్నాక, కాగితంలోని మాటలు ఒక్కటీ అనలేదు. లతతో ఆ దారిలో ఏం చెప్పిందో అదే చెప్పింది. సగం తెలుగు, సగం లంబాడీ. మధ్యలో రోడ్డు మీద ఒక ట్రాక్టర్ పోయింది. సీను అయ్యాక, గొంతు రికార్డు చేసే అతను చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి, ట్రాక్టర్ సప్పుడు పడింది, ఇంకోసారి చేస్తే బాగుంటుందన్నాడు.

"ఇంకోసారి నాతోని కాదు సారూ," అన్నది ఆమె. ప్రదీప్ బలవంతం చేయలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా చత్రు పక్కన కూర్చుంది.

"ఇయ్యాల చెప్పిన," అన్నది. "లతకు తొవ్వల చెప్పింది. అంతా చెప్పిన."

"మల్ల చెప్పగలవా?" అన్నాడు చత్రు.

ఆమె తల అడ్డంగా ఊపింది. అతనికి కనపడదని గుర్తొచ్చి, "లేదు" అన్నది.

"సరే. సిన్మాల వింట తియ్యి."

సినిమా రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా చత్రు దీపను అడుగుతూనే ఉన్నాడు, ఎప్పుడొస్తుందని. అప్పటికే అతనికి ఆయాసం మొదలైంది. క్వారీ దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందని డాక్టర్లు చెప్పారు. విడుదలకు ముందు ప్రదీప్ ఒకసారి తండాకు వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు, చాయ్ తాగాడు, చత్రు ఆరోగ్యం అడిగాడు. ఏదో చెప్పబోయి, ఫోన్ చూసుకొని లేచాడు. అతను ఏం చెప్పడానికి వచ్చాడో వాళ్లకు తర్వాత అర్థమైంది.

తొర్రూరు సినిమా హాలుకు తండాకు తండా ట్రాలీ ఆటోల్లో పోయింది, మ్యాట్నీకి. చత్రు తెల్ల చొక్కా తొడుక్కున్నాడు. ఒక పక్క భార్య, ఇంకో పక్క దీప. తెర మీద తుల్సీబాయి మొహం రాగానే తండా పిల్లలు ఈలలు వేశారు. చత్రు మొహం వెలిగింది. తర్వాత ఒక ఆడమనిషి గొంతు మాట్లాడింది. చక్కటి గొంతు. పుస్తకంలో మాటల్లాంటి మాటలు, అక్కడక్కడ అతికించినట్టు మా యాస.

"గామె ఎవలు?" అని అడిగాడు చత్రు.

తుల్సీబాయి తెర వైపే చూస్తోంది. తన పెదాలు కదులుతున్నాయి, ఆ మాట తనది కాదు.

"నువ్వెప్పుడొస్తవ్ తుల్సీ?"

"వచ్చిన," అన్నది ఆమె. "తెర మీద ఉన్నది నేనే."

"మరి మాట్లాడుతలెవ్వేంది?"

దీప తండ్రి చేయి పట్టుకొని, "బాపూ, వేరే ఆమెతోని మాట్లాడిచ్చిన్రు," అన్నది. సినిమా నడుస్తూ ఉంది. చుట్టూ జనం నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. అతను మాత్రం బస్సు కోసం ఆగిన మనిషిలా తల కొంచెం ముందుకు పెట్టి కూర్చున్నాడు.

ఆటో సీను వచ్చింది. హాలంతా నిశ్శబ్దమైంది. ఆ పరాయి గొంతు ప్రదీప్ రాసిన మాటలు చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు తుల్సీబాయి భర్త చెవి దగ్గరికి వంగింది. తెర మీద తన పెదాలు చూస్తూ, అవి ఎట్లా కదిలితే అట్లా, తన మాటలు తాను చెప్పింది.

"కండ్లు తెరువ్ నా తల్లీ. నిద్ర పోకు. గదే తొర్రూరు, గవే దీపాలు, సూడు. దవాఖాన వచ్చింది. దవాఖానల కుర్చీ మీద కూసుందాం మనం. కాళ్లు సల్లగైనయేందే, నా కొంగుల పెట్టుకో..."

వెనక సీట్లో ఒకతను ముందుకు వంగాడు. "అమ్మా, జర సప్పుడు చెయ్యకున్రి. మమ్ముల సూడనియ్యిర్రి." తెర మీద ఏడుస్తున్న మనిషినే తాను గద్దించానని అతనికి తెలియదు. తుల్సీబాయి గొంతు ఇంకా తగ్గించి, చివరిదాకా చెప్పింది. లంబాడీలో అన్న మాటలు కూడా. చత్రు ఆమె మణికట్టు పట్టుకొని విన్నాడు.

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాక అడిగాడు.

"పిల్ల ఏమన్నది?"

"నీళ్లు అడిగింది."

"ఇచ్చినవా?"

"వాన నీళ్లు దోసిట్ల పట్టి ఇచ్చిన."

"నన్ను అడిగిందా?"

"అడిగింది."

"ఏం చెప్పినవ్?"

"బాపు తొవ్వల ఉన్నడు, వస్తుండు అని చెప్పిన."

చత్రు చూపులేని మొహాన్ని రెండు చేతుల్లో దాచుకొని ఏడ్చాడు. అన్నేళ్ల తర్వాత ఆ ఇద్దరూ కూతురి కోసం కలిసి ఏడ్చింది ఆనాడే.

తర్వాత ప్రదీప్ ఫోన్ చేసి దీపకు చెప్పాడు. ట్రాక్టర్ సప్పుడు పడిందనీ, ఆ మాటలు అన్ని జిల్లాలవాళ్లకూ అర్థం కావనీ చెప్పి, గొంతు మార్చాలని నిర్మాత పట్టుబట్టాడట. మొదటి సినిమా, ఎదురు చెప్పలేకపోయానన్నాడు. దీప ఫోన్ పెట్టేసింది.

సినిమా ఆడింది. తుల్సీబాయికి వేషాలు వచ్చాయి. అన్నీ ఒకే రకం. శవం మీద పడి ఏడ్చే తల్లి, అడవిలో దారి చూపించే ముసలిది. ఒక దర్శకుడైతే మాటలు కూడా ఇవ్వలేదు. "డబ్బింగ్‌లో చూసుకుంటాం, మీరు పెదాలు కదపండి చాలు. ఒకటి, రెండు, మూడు అనుకోండి," అన్నాడు. ఇంటికి వచ్చి చత్రుకు చెప్పింది, శవం మీద పడి ఏడుస్తూ ఒకటి, రెండు, మూడు ఎట్లా లెక్కపెట్టిందో. ఇద్దరూ నవ్వారు. నవ్వుతుంటే చత్రుకు దగ్గు తెర వచ్చింది, ఎంతకీ ఆగలేదు.

ఎండాకాలం రాకముందే అతను పోయాడు. వరంగల్ దవాఖానలో, ఆక్సిజన్ పెట్టి ఉండగా. చివరి రోజు అతను మాట్లాడలేకపోయాడు. ఆమెనే మాట్లాడమని చేత్తో సైగ చేశాడు. వార్డులో ఉన్న వాళ్ల గొంతులన్నీ, నర్సు గొంతు, ఊడ్చే ఆమె గొంతు, పక్క మంచం ముసలాయన గొంతు, ఒక్కొక్కటే అతనికి వినిపిస్తూ కూర్చుంది. అతను ఎప్పుడు పోయాడో ఆమెకు తెలియలేదు. నర్సు వచ్చి భుజం మీద చేయి వేసేదాకా చెబుతూనే ఉంది.

అవార్డు ఆ తర్వాత వచ్చింది. ఉత్తమ సహాయ నటి అని హైదరాబాద్‌లో ఒక సినీ సంస్థ ఇచ్చింది. దీప బతిమాలితే వెళ్లింది. పెద్ద వేదిక, కళ్లు మిరుమిట్లు గొలిపే లైట్లు. యాంకరమ్మాయి మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, ఆటో సీనులో డైలాగ్ ఒకటి చెప్పమంది. అక్కడున్న వాళ్లందరికీ ఆ డైలాగ్ నోటికొచ్చు. తుల్సీబాయి ప్రదీప్ రాసిన మాటనే తన గొంతుతో చెప్పింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత మరికొందరు. చెడ్డ మనసుతో నవ్వారని దీప ఇప్పటికీ అనదు. ఆమె ఆ డైలాగ్‌ను వేళాకోళంగా అనుకరిస్తోందని అనుకున్నారట. యాంకర్ గబగబా "సూపర్ అమ్మా" అని మైకు తీసేసుకుంది.

భోజనాల దగ్గర ఒక నడివయసు ఆవిడ వెతుక్కుంటూ వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"నా పేరు విజయండి. మీకు గొంతు ఇచ్చింది నేనే."

తుల్సీబాయి ఆమె మొహం వైపు కాక, గొంతు వైపు చూసింది.

"షూటింగులో మీరు మాట్లాడింది హెడ్‌ఫోన్లో పెట్టుకొని, అది వింటూ నేను చెప్పాలి," అన్నది విజయ. "ఆ ఆటో సీను ఎన్నిసార్లు విన్నానో. మీలాగా నాకు రాలేదండి. మార్చొద్దని చెప్పాను, నా మాట ఎవరు వింటారు. మధ్యలో మీ భాషలో ఏవో మాటలు ఉన్నాయి. వాటి అర్థం ఎవరిని అడిగినా తెలియదన్నారు. ఏమన్నారండీ మీరు?"

దీప తల్లి వైపు చూసింది. తుల్సీబాయి తల అడ్డంగా ఊపింది.

"గవి మా పిల్లకు చెప్పిన మాటలమ్మా. మా ఇంటాయనకు చెప్పిన. ఇంకెవలకు చెప్ప," అన్నది.

విజయ తల ఊపింది. కళ్లు తుడుచుకొని, తుల్సీబాయికి పళ్లెంలో అన్నం తెచ్చి పెట్టింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చొని తిన్నారు.

ఈమధ్య ఒక కొత్త దర్శకుడు తండాకు వచ్చాడు. ఈ సినిమాలో మీ గొంతే ఉంటుంది, కాగితం మీద రాసిస్తానన్నాడు. ఇప్పుడు అందరూ తెలంగాణ మాటనే కోరుకుంటున్నారని కూడా అన్నాడు. తుల్సీబాయి అతనికి నీళ్లిచ్చి, చేయనని చెప్పింది. అతను పోయాక దీప అలిగింది.

"ఎందుకు వద్దన్నవ్ యాడీ? ఇన్నేండ్లకు నీ గొంతు వస్తదంటే."

తల్లిని వాళ్లు యాడి అనే పిలుస్తారు. తుల్సీబాయి కూతురి తల నిమిరింది.

"మీరంతా సూసేటోళ్లు బిడ్డా. వినేటోడు పోయిండు."

మరుసటి వారం మిరప ఏరుడు మొదలైంది. తండా ఆడవాళ్లతో కలిసి ఆటో ఎక్కి ఆమె కూడా పోయింది. దారిలో ఎవరో ఆమెను ఆ అవార్డు డైలాగ్ చెప్పమన్నారు. వినపడనట్టు బయటికి చూస్తూ కూర్చుందట.