అత్తమ్మ నడక, నాయన జబ్బు

మా అత్తమ్మకు షుగర్ ఉందని తేలిన రోజు ఆమెకు డాక్టరు మీద కోపమొచ్చింది.

"పుట్టి బుద్ధెరిగినంక మిఠాయి దుకాణం గడప తొక్కలే. నాకెట్ల వస్తది సారూ?"

తొంభైల మొదట్లో మాట ఇది. అప్పుడు మేము నాచారంలో ఫ్యాక్టరీల రోడ్డు వెనక ఒక గల్లీలో అద్దెకు ఉండేవాళ్లం. మా ఆయనది షిఫ్టు డ్యూటీ. డాక్టరు ఉప్పల్‌లో ఉండేవాడు, నెమ్మదస్తుడు. "మిఠాయి తినకున్నా వస్తదమ్మా. అన్నం తగ్గించు, రాత్రి జొన్నరొట్టె తిను. చాయ్‌ల చక్కెర బంద్. రోజూ పొద్దున నడువు. గోళీ చిన్నదే రాస్తున్న, మిగతాదంత నీ చేతుల్నే ఉంది" అన్నాడు.

బయటికి రాగానే అత్తమ్మ నాతో ఒట్టు వేయించుకుంది, ఈ సంగతి గల్లీలో ఎవరికీ చెప్పనని.

"కూసోని తినేటోళ్లకు వస్తదంటరు ఆ జబ్బు. నేను కూసోని తింటున్ననని అనుకుంటే నాకు ఇజ్జత్ ఉంటదా?"

ఇంట్లో ఆమె నియమం తప్పలేదు. జొన్నరొట్టెలు తనే చేసుకునేది. చక్కెర లేని చాయ్ మొదటి గుక్క తాగి, కషాయం మింగినట్టు మొహం పెట్టి, నేను చూస్తున్నానని గమనించి "మంచిగనే ఉంది" అంది. పొద్దున్నే కుచ్చిళ్లు ఎగదోపి, మా ఆయన పాత కాన్వాసు బూట్లు వేసుకుని నడకకు బయల్దేరేది.

తర్వాత పరీక్ష చేయిస్తే షుగర్ ఇంకా పెరిగింది. డాక్టరు అత్తమ్మను వదిలేసి నావైపు అనుమానంగా చూశాడు. అత్తకు చాటుగా చక్కెర పెట్టే కోడళ్లు కూడా ఉంటారని ఆయన అనుభవం కాబోలు.

మర్నాడు పొద్దున ఆమె వెనకే దూరంగా నడిచాను. వాకిట్లో ముగ్గు వేస్తున్న ఒకావిడ తలెత్తి "ఏడికి వదినె గింత పొద్దుగాల?" అంది.

"ఊకెనే."

ఊరికే నడిచే ఆడమనిషిని మా గల్లీ అప్పటిదాకా చూడలేదు. ఊరికే అంటే తీరిక ఉన్నట్టే. "ఊకెనే అయితే లోపలికి రా, చాయ్ తాగి పో." వద్దంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పడానికి లేదు. అందుకని తాగింది. మలుపు దగ్గర రైల్వే ఉద్యోగి భార్య చెయ్యి పట్టుకుని మరీ లాక్కుపోయింది. ఆ పక్కింట్లో ఉప్మా కూడా పెట్టారు. మల్లాపూర్ రోడ్డు ఎక్కకుండానే అత్తమ్మ నడక ముగిసింది.

ఇంటికొచ్చాక నిలదీశాను. ఆమె ఏమాత్రం తొణకలేదు.

"ఊకెనే అన్నందుకే ఆపుతున్నరు బిడ్డా. అర్జంటు పని మీద పోయేటోళ్లను ఎవ్వరు ఆపరు."

మరుసటి రోజు చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని, నుదురు ముడేసుకుని, విసురుగా వెళ్లింది. అంతే విసురుగా, చెమటలు కక్కుతూ తిరిగొచ్చింది. రోజూ అదే తీరు. ఈసారి పరీక్షలో షుగర్ దిగింది. నేను సంబరంలో ఉండి మిగతాది ఆరా తీయలేదు.

కానీ బోరింగ్ దగ్గర ఆడవాళ్లు నన్ను జాలిగా చూడటం మొదలుపెట్టారు. నా బిందె ముందు నింపుకోనిచ్చేవారు. "నీ ధైర్యానికి మెచ్చుకోవాలె బిడ్డా" అందొకావిడ. అత్తమ్మతో వేగుతున్నందుకేమో అనుకుని నేనూ బరువుగా తలూపాను.

ఒక ఆదివారం మా నాయన జనగామ నుంచి వచ్చాడు. ఉప్పల్‌లో బస్సు దిగి, చంకలో నాటుకోడితో ఇంటికి చేరాడు. ఇంకా కోడిని కింద పెట్టనే లేదు, ముగ్గురు ఆడవాళ్లు పండ్లు, బ్రెడ్డు పట్టుకుని వచ్చారు. ముందు రైల్వే ఆవిడ.

"వదినె, మీ వియ్యంకుడు ఏ దవాఖానల ఉన్నడో చెప్తె సూసొస్తం."

"ఎవరి వియ్యంకుడు?" అన్నాడు నాయన.

"ఈమె వియ్యంకుడే, కోడలి నాయన. పెద్ద ఆపరేషనట. రోజూ పొద్దుగాల వదినెనే డబ్బా మోస్తున్నది పాపం. మీరెవరు?"

నాయన నన్ను చూశాడు. నేను అత్తమ్మను చూశాను. అత్తమ్మ కోడిని చూసింది.

నాయన ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత మెల్లగా నడుం వంచి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, సన్నగా మూలిగాడు.

"నేనే అమ్మా. నిన్ననే ఇడిసిపెట్టిన్రు."

"అయ్యో, కోడినెందుకు పట్టుకున్నరు! కుట్లు తెగుతయి!" ఒకావిడ కోడిని లాక్కుంది. ఇంకొకావిడ చాప పరిచింది. నాయనను పడుకోబెట్టేదాకా ఎవరూ ఊరుకోలేదు. ఆపరేషన్ అయిన మనిషికి కూర పనికిరాదని, నాతో పల్చగా జావ కాయించి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. కోడిని కోయించి కూర వండే బాధ్యత అత్తమ్మ తీసుకుంది. మసాలా వాసన వచ్చినప్పుడల్లా నాయన మూలుగు నిజంగానే గట్టిగా వినిపించింది.

వాళ్లు వెళ్లగానే లేచి కూర్చున్నాడు.

"చెల్లె, నన్ను మంచాన పడేసినవ్. ఎందుకు పడేసినవో జర చెప్పు."

అత్తమ్మ అంతా చెప్పింది. "డబ్బా ఎవరికంటె కొడుకు పేరు చెప్పబుద్ధి కాలే అన్నా. మీరైతే జనగామల ఉంటరు, ఎవరు సూడొచ్చిన్రు అనుకున్న."

నాయన కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. రెండు ముక్కలు ఎక్కువే వేయించుకుని తిన్నాక, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "రేపు నువ్వే చెప్తవా, నన్ను పోయి చెప్పమంటవా?"

మర్నాడు అత్తమ్మ డబ్బా లేకుండా వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. అత్తమ్మ రైల్వే ఆవిడ గుమ్మంలో నిలబడి, సంగతంతా చెప్పింది. ఆవిడ మొహం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాం. ఇంట్లోకి తొంగిచూసి, గొంతు తగ్గించింది.

"నాకు కూడ ఉన్నది వదినె. మా ఇంట్ల చక్కెర డబ్బా నా చేతికియ్యరు. సుట్టాలొస్తెనే నా చాయ్‌ల చక్కెర పడుతది. అందుకే నిన్ను రోజూ పిలుస్తుంటి."

అత్తమ్మ ఫక్కున నవ్వింది. "చెప్పులేసుకో, పా" అంది.

ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసి హబ్సిగూడ దాకా నడిచి వచ్చేవారు. ఒకరు అన్నం ఎంత తిన్నారో రెండోవారు అడిగేవారు, అబద్ధమాడితే మొహం చూసి పట్టేసేవారు. కొన్నాళ్లకు డాక్టరు అత్తమ్మ గోళీ సగం చేశాడు.

అప్పటి నుంచి ఆమెకు ఇజ్జత్ సంగతే గుర్తులేదు. జబ్బు దాచిన నోటితోనే ఊరందరికీ వైద్యం చెప్పసాగింది. ఉప్పల్‌లో ఒక పెళ్లిలో, కాలికి కట్టుతో భోజనాల బంతిలో కూర్చున్న పెద్దమనిషి ముందు నుంచి జిలేబీలు చక్కగా ఎత్తేసింది. "ఇంత పుండు పెట్టుకుని జిలేబీ తింటవా అన్నా?" అని మందలించి, ఆయన విస్తట్లో కీరదోస ముక్కలు వేయించింది. ఆయన బుద్ధిగా తిన్నాడు. తీరా అడిగితే ఆయన పెళ్లికొడుకు మేనమామ అట. షుగరూ లేదు, ఏమీ లేదు. పొద్దున పందిరి గుంజ కాలి మీద పడిందట.