చివరి అక్షరం దాకా

మా బ్లాకు కింది అంతస్తులో ఉండిన ప్లేట్ల పెద్దాయన పోయారు. బండ్లకు నంబరు ప్లేట్లు చేసే షాపులో జన్మంతా గడిపిన మనిషి. నిరుడే ఈ సింగపూర్‌లోనే ఇంకో పేట, టోవా పాయోలో కూతురింటికి మారారు. మొన్న పొద్దున ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మధ్యాహ్నమే తీసుకెళ్తున్నాం అంకుల్."

ఆఫీసులో ఉన్న మా అమ్మాయికి చెప్పాను. "నాన్నా, ఒక్కడివే వెళ్ళకు, తప్పిపోతావు. సాయంత్రం నేను తీసుకెళ్తా" అంది. సాయంత్రానికి ఆయనెక్కడుంటారు? చొక్కా తొడుక్కున్నాను.

ఊరి నుంచి అమ్మాయి దగ్గరికి, ఈ టాంపినీస్ పేటకి వచ్చిన కొత్తలో నిజంగానే తప్పిపోయాను. అన్నీ ఒకేలాంటి బ్లాకులు, నాకా ఇంగ్లీషు అక్షరం రాదు. తెలుగులో గొణుక్కుంటుంటే విని ఈయనే ఇల్లు చేర్చారు. తాతల కాలంలోనే కోస్తా నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళది. మర్నాటి నుంచి కార్ పార్కే నాకు బడి.

"ఇదిగో తమ్ముడూ, ఎస్. తెల్లదొరల కాలంలో సింగపూర్ బండికి ఎస్, మలక్కాకి ఎమ్, పెనాంగ్‌కి పి. నంబర్లు చాలక ఎస్ పక్కన ఇంకో అక్షరం పెట్టినారు. అవీ అయిపోతే ఇ. అదీ చాలక మళ్ళీ ఎస్, ఈసారి మూడక్షరాలు!"

ఎవరి బండైనా సరే, ముందు జేబురుమాలుతో ప్లేటు మీది దుమ్ము తుడిచేవారు. ఒకసారి ఓనరు వచ్చి, "అంకుల్, వాట్ యూ డూయింగ్?" అన్నాడు. "టీచింగ్ లా!" అన్నారు దర్జాగా, ఇక్కడి వాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి.

నేను సగం చదివి ఆగితే ఊరుకునేవారు కాదు. "చివరి అక్షరం దాకా చదువు తమ్ముడూ. అది లెక్క కట్టి పెట్టే అక్షరం, ముందు అంకెల్లో ఒక్కటి తప్పు కొట్టినా పట్టేస్తాది."

మొన్న సిటీ హాల్ స్టేషన్లో రైలు మారాను, ఎవరినీ అడగకుండా! ఒక స్టేషన్లో బోర్డు చూసి పైకే చదివాను. "టి, సున్నా, ఎ..." ఇదేం ఊరు? అప్పుడు ఆయన మాట గుర్తొచ్చింది. సున్నా అనుకుంటారని ప్లేట్ల మీద ఓ వాడరు, బయట కనిపిస్తే ఓ అనుకో అనేవారు. టోవా పాయో! తలుపులు మూసుకునేలోగా గబుక్కున దిగాను. నా సంతోషం ఏమని చెప్పను మీకు!

ఆయన్ని కళ్ళారా చూశాను. కూతురు నా చేయి పట్టుకుంది. "ఎవరు తీసుకొచ్చారు అంకుల్?"

"మీ నాన్నే అమ్మా."

ఏడవాల్సిన చోట నాకు ఆనందం పొంగింది. ఆయన ముందు దాచడమెందుకు?

ఆయన్ని వ్యానులోకి ఎక్కించారు. నేను దాని వెనక్కి వెళ్ళి, రుమాలు తీసి ప్లేటు తుడిచాను. వ్యాను కదిలింది. ఎస్ దగ్గర మొదలుపెట్టి గట్టిగా చదువుతూ నిలబడ్డాను. అది మలుపు తిరిగేలోగా చివరి అక్షరం కూడా చదివేశాను.