అట్రోపిన్ చుక్కలు, మూరెడు దూరంలో అక్షరాలు

నిజాం రాజ్యం మీద 1948 పోలీస్ చర్య రోజులు. సికింద్రాబాద్ మీదుగా విమానాలు వెళ్తుంటే రెజిమెంటల్ బజార్‌లో మా గల్లీ పిల్లలంతా మిద్దెలెక్కి వేళ్లు చూపించారు. నాకు మోత మాత్రమే వినబడింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అంత పెద్ద విమానం అందరికీ కనబడి నాకెందుకు కనబడదన్న ఆలోచనలో భయపడడం మరచిపోయాను. నా చూపు గురించి భయపడింది మా నాన్న, అబ్బా.

ఊరు సద్దుమణిగాక, దర్జీ పని చేసే అబ్బా నన్ను కంటి ఆస్పత్రికి తీసుకెళ్లాడు. డాక్టర్ దూరం ఆనని షార్ట్ సైట్ అని అద్దాలు రాసిచ్చారు. ఆరు నెలలకే అవి చాలలేదు. పవర్ మైనస్ టూకి చేరింది.

"ఇంత తొందరగా పెరగడం మంచిది కాదు. అట్రోపిన్ చుక్కలు వేసి చూద్దాం. కొందరు పిల్లల్లో నెమ్మదించింది. మాట మాత్రం ఇవ్వలేను" అన్నారు డాక్టర్.

చుక్కలు వేసిన మర్నాడు అద్దంలో చూసుకుంటే కంటిపాపలు ఇంతింత పెద్దవయ్యాయి. ఎండలో కళ్లు తెరవలేకపోతే అబ్బా ముందుకు పొడుచుకొచ్చిన అంచుతో టోపీ కుట్టాడు. అసలు చిక్కు బడిలో వచ్చింది. ఇంట్లో తెలుగే మాట్లాడినా నేను చదివింది ఉర్దూ. తెలుగు పాఠాలు మొదలైన ఆ నెలల్లోనే పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయాయి. నాకు శ్రద్ధ లేదనుకున్న పంతులమ్మ, కింది తరగతిలో కూర్చోబెడతానంది.

అమ్మీ చుక్కలు ఆపేసింది. "దూరంది కనబడాలని దగ్గరిది సుత పోగొడ్తరా? పోరి సదువు ఏం గావాలె?" అని అబ్బాను నిలదీసింది. రెండు వారాల్లో అక్షరాలు తేటపడ్డాయి. తర్వాత ఆస్పత్రికి వెళ్తే డాక్టర్ నా కంటిపాపలు మళ్లీ చిన్నవవడం చూడగానే సంగతి కనిపెట్టారు. కోప్పడలేదు. అమ్మీ బాధంతా విని, ఇంకొన్నాళ్లు ప్రయత్నించనివ్వమని అడిగారు.

మళ్లీ చుక్కలు షురూ అయ్యాయి. ఒకరోజు అద్దాలు తీసి తుడుచుకుంటుంటే, ఒళ్లో పుస్తకంలో 'క' గుణింతం స్పష్టంగా కనబడింది. దగ్గరికి తెస్తే మసక, దూరం జరిపినా మసక. సరిగ్గా మూరెడు దూరంలోనే కుదిరింది. అబ్బా టేపుతో మూడుసార్లు కొలిచాను.

ఆ సంగతి డాక్టరుకు చెప్పాను. "ఇది నేను ముందే చెప్పాల్సింది. చుక్కలు వేసినా, అద్దాలు తీసేస్తే నీ షార్ట్ సైటే నీకు చదువుకునే అద్దం" అన్నారు. చదివేటప్పుడు నన్ను అద్దాలు తీయనివ్వమని పంతులమ్మకు చీటీ రాసిచ్చారు. ఆ ఏడు నేను పాసయ్యాను.

చుక్కలు వేసిన రెండేళ్లూ పవర్ పెద్దగా కదల్లేదు. ఆపాక కొంత పెరిగి ఆగింది. అది మందు గుణమా, నా ఒంటి తీరా అన్నది డాక్టర్ కూడా తేల్చి చెప్పలేదు. నాకిప్పటికీ తెలుసుకోవాలనే ఉంది.

తర్వాత పద్మారావు నగర్‌లో చాలా ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పాను. ఇప్పుడు ఎనభై దాటాయి. కేటరాక్ట్ ఆపరేషన్ అయింది, ఏటా రెటీనా చూపించుకుంటాను.

మీ పిల్లలకు డాక్టర్ ఇలాంటి చుక్కలు రాస్తే, సొంతంగా ఆపకండి, పెంచకండి. ఏది కనబడుతోందో, ఏది కనబడడం లేదో పిల్లల్నే అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు డాక్టర్‌కు చేరవేయండి.