తెర వెనక పన్నెండు పాటలు

షాపులో ఆమెను అందరూ పాముచెవులావిడ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆమె నవ్వి ఊరుకునేది, లోలోపల గర్వపడేది కూడా.

స్పీకర్లు, ఆంప్లిఫయర్లు, సీడీ ప్లేయర్లు అమ్మే ఆ షాపు వెనకవైపు ఒక వినే గది ఉంది. గోడలకు మందపాటి బట్ట, నేలమీద తివాచీ, మధ్యలో ఒకే ఒక్క సోఫా. ఆ సోఫా పక్కన ముక్కాలిపీట వేసుకుని, కొనడానికి వచ్చినవాళ్ళకు ఏ పెట్టెలోంచి పాట ఎలా వినిపిస్తోందో చెప్పడమే ఇరవై రెండేళ్ళుగా ఆమె ఉద్యోగం. "గిటార్ తీగ మీద వేలు జారింది, విన్నారా? ఇందాకటి దాంట్లో ఆ జారుడు లేదు" అనేది. విననివాళ్ళు కూడా విన్నట్టు తలూపేవారు. ఊపాక నిజంగానే వినిపించేది వాళ్ళకు.

ఒక సాయంత్రం ఆమె భర్త కిటికీ పక్కన కూర్చుని ఒక పాత నిఘంటువుకు జిగురు రాస్తున్నాడు. పుస్తకాలకు అట్టలు వేయడం ఆయన పని.

"అబ్బబ్బ, ఈ కీచురాళ్ళు చెవులు తోడేస్తున్నాయి. కాస్త ఆ కిటికీ మూసెయ్" అన్నాడు.

ఆమె చెవి ఒగ్గింది. ఫ్యాను తిరగడం వినిపిస్తోంది. జిగురు కుంచె అట్టను రాయడం వినిపిస్తోంది. పక్కింటి కుళాయి కింద బిందె నిండడం కూడా తెలుస్తోంది. కీచురాళ్ళు మాత్రం లేవు.

"ఏవీ, కీచురాళ్ళేవీ?" అంది.

"ఏవంటావేంటి? ఇంత గోల చేస్తుంటే!"

ఆయన తలెత్తి చూసేలోపు ఆమె లేచి కిటికీ మూసింది. "అవునవును, మరీ ఎక్కువైంది" అంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనతో చెవుల సంగతిలో అబద్ధమాడటం అదే మొదలు.

మర్నాడు భోజనాల వేళ ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. టెలిఫోన్ బూత్ అంత గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక మీట పెట్టారు. శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కాలి. మొదట్లో టకటకా నొక్కింది. తర్వాత నొక్కడానికేమీ రాలేదు. అద్దం అవతల డాక్టరమ్మ వేళ్ళు కదులుతున్నాయి, అంటే ఏదో మోగుతోందన్నమాట. ఈమెకు మాత్రం తన గుండె చప్పుడే వినపడుతోంది.

కాగితం మీద గీత కొంతదూరం సాఫీగా వెళ్ళి, ఉన్నట్టుండి గోతిలో పడ్డట్టు దిగిపోయింది.

"మాటలకేం ఇబ్బంది లేదమ్మా. సన్నటి శబ్దాలు, అంటే పిట్టల కిచకిచలు, తాళాల గలగల, అవి రెండు చెవుల్లోనూ బాగా తగ్గాయి. వయసుతో వచ్చేదే, మీకు కాస్త ముందొచ్చింది" అంది డాక్టరమ్మ. "ఇంతకీ ఏం పనిచేస్తుంటారు?"

"షాపులో" అని చెప్పి లేచింది.

తిరిగి వచ్చేసరికి షాపు అద్దానికి పెద్ద కాగితం అంటిస్తున్నారు. "పాముచెవులకు పరీక్ష! యాప్ గొప్పదా, సీడీ గొప్పదా? ఈ ఆదివారం ఉదయం పదింటికి మీ కళ్ళముందే!"

షాపు ఓనరు ఆమెకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు. తండ్రి హయాంలో ఆమె చేరినప్పుడు స్కూలు సంచీతో వచ్చి ఆ సోఫాలో నిద్రపోయేవాడు. అందుకే కస్టమర్ల ముందు ఆమె అతన్ని సార్ అనేది, లోపల మాత్రం నువ్వనేది.

"అక్కా, చూశావా?" అన్నాడు సంబరంగా. "ఫోన్లోనే ప్రపంచంలో పాటలన్నీ దొరుకుతుంటే ఈ పెట్టెలెందుకని మొహం మీదే అడుగుతున్నారు. తేడా ఉందని చూపించాలి. మామూలు యాప్ ఒకటి, ఖరీదెక్కువది ఇంకో యాప్, మన సీడీ. మూడూ తెర వెనకే. ఏది మోగుతోందో నువ్వు చెప్పాలి. పన్నెండుకి పది చెప్పావంటే వాళ్ళ నోళ్ళు మూతపడతాయి."

"రికార్డు ప్లేయర్ పెట్టలేదే?"

"దాని చిరచిర వినగానే పసిపిల్లాడైనా చెప్పేస్తాడు. నీకది పరీక్షేంటి?"

"ఈ ఆదివారమేనా?"

"ఏం, భయమా?"

"భయమెందుకు" అంది.

గురువారం షాపు తెరవకముందే వచ్చి, రిపేర్లు చేసే మేస్త్రిని వినే గదిలోకి పిలిచింది. గోడ అలమరలో ఉన్న ఆంప్లిఫయర్ దగ్గర అతన్ని నిలబెట్టి, తను వీపు తిప్పి కూర్చుంది. పన్నెండు పాటలు వేయమంది. మేస్త్రి మాట తక్కువ మనిషి. ఆఖరి పాట అయ్యాక చీటీ చూసి, "నాలుగు" అన్నాడు.

"మళ్ళీ వెయ్యి."

రెండోసారి మూడు. కళ్ళు మూసుకుని చేయి పెట్టినా అన్ని తగులుతాయి. మేస్త్రి టీ కప్పులోకి చూస్తూ, "జలుబు చేసినట్టుంది మీకు" అన్నాడు.

"జలుబే" అంది.

అతను ఇంకేమీ అడగలేదు. అడిగితే బాగుండుననిపించింది ఆమెకు.

ఆదివారం నలభై కుర్చీలు వేస్తే సరిపోలేదు. వినే గది చాలదని ముందు హాల్లోనే తెర కట్టారు. తెరకు రెండడుగుల్లో ఆమె కుర్చీ, తెర వెనక బల్లమీద ఆంప్లిఫయర్, దాని మీట దగ్గర మేస్త్రి. ముందు వరసలో భూగోళం మాస్టారు కూర్చున్నాడు. స్కూల్లో భూగోళం చెప్పి రిటైరైన ఆయనను ఇప్పటికీ అందరూ అలాగే పిలుస్తారు. ఎనిమిది వందల సీడీలున్నాయి ఆయన దగ్గర. ఆ అలమర ఖాళీ చేసి ఫోన్లో వినమని ఇంట్లో పోరు. ఒళ్ళో ఒక కాగితం పెట్టుకున్నాడు. ఒక పక్క యాప్‌ల లాభనష్టాలు, ఒక పక్క సీడీలవి, మ్యాపుకు గీసినట్టు గళ్ళు గీసి మరీ రాసుకొచ్చాడు. కింద ఒక్క గడి ఖాళీగా ఉంది.

"ఇది మీ నోటిమాటతో నింపుతానమ్మా" అన్నాడు.

ఆమె కుర్చీని తెరవైపు సర్దుకుంది.

మొదటి పాట. ఆడగొంతు, వెనక పియానో. ఆమెకు రెండూ బాగానే ఉన్నాయి, ఎప్పటిలాగే ఉన్నాయి. "సీడీ" అంది.

"మామూలు యాప్" అన్నాడు మేస్త్రి తెర వెనకనుంచి.

కుర్చీలు కిర్రుమన్నాయి. ఓనరు నవ్వు మొహానికి అంటించినట్టు అలాగే ఉండిపోయింది.

రెండో పాటకు మేస్త్రి మీట తిప్పినప్పుడు ఆమెకు ఆంప్లిఫయర్ లోపల టక్కుమన్న చప్పుడు వినిపించింది. ఒక్కటే టక్కు. వెంటనే పాట. ఇందాక మొదటి పాటకు టక్కుమని, ఒక రెప్పపాటు ఆగి, మళ్ళీ చిన్నగా టక్కుమంది కదూ? అప్పుడు మోగింది యాప్. అంటే ఇది సీడీ. "సీడీ" అంది.

"కరెక్టు."

మూడో దానికి రెండు టక్కుల మధ్య ఎడం కాస్త ఎక్కువ. ఖరీదైన యాప్. కరెక్టు. నాలుగు, కరెక్టు. ఐదు, ఆరు. వెనక వరసలవాళ్ళకు ఆ చప్పుడు చేరదు. చేరినా, దాని అర్థం పెట్టెలతో ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషికి తప్ప తెలియదు. పాటలు ఎలా ఉన్నాయో ఆమెకు పట్టనే లేదు. మీట తిరిగేదాకా ఊపిరి బిగబట్టడం, తర్వాత వదలడం, అంతే.

చప్పట్లు మోగాయి. ఎవరో "పాముచెవులంటే ఇవీ!" అన్నారు. ఓనరు పొంగిపోతున్నాడు. భూగోళం మాస్టారు కలం మూత తీశాడు.

"ఇంక నాకు అనుమానం లేదమ్మా" అన్నాడు లేచి నిలబడి. "మీకింత స్పష్టంగా తెలుస్తుంటే తేడా ఉన్నట్టే. నాకు తెలియట్లేదంటే అది నా చెవుల లోపం. రేపే వచ్చి ఆ పెద్ద ప్లేయర్ తీసుకుంటా. మా ఆవిడకి ఈ కాగితమే చూపిస్తా."

నా చెవుల లోపం అన్న మాటకు ఆమె తెర మీదనుంచి చూపు తిప్పి, ఆయన చేతిలోని కాగితం వైపు చూసింది.

ఏడోసారి మీట తిరిగింది. ఒక్కటే టక్కు. సీడీ. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. పాట సగానికొచ్చింది. జనం ఎదురు చూస్తున్నారు. ఓనరు కనుబొమలు పైకి లేపాడు.

"ఆపు మేస్త్రీ" అంది.

పాట ఆగింది.

"మాస్టారూ, ఆ గడి నింపకండి. నేను పాట విని చెప్పలేదు. మీట తిప్పినప్పుడు లోపల టక్కుమంటుంది, ఒక్కోదానికి ఒక్కో రకంగా. దాన్ని పట్టుకుని చెప్పాను. పాటల్లో నాకేం తేడా తెలియలేదు. నా చెవులు దెబ్బతిన్నాయి. డాక్టరుకి చూపించుకున్నాను. ఐదారు రోజులుగా దాస్తున్నాను."

ఓనరు గబగబా ముందుకొచ్చి, "అక్క అలిసిపోయింది, కాస్త..." అంటున్నాడు.

"అలిసిపోలేదు సార్. చెవులు బాగున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారు. వీళ్ళనే వినమనండి. ఆంప్లిఫయర్ దూరంగా పెట్టి, వరస మార్చి, పన్నెండు పాటలూ మొదటినుంచి వేయమనండి. ఎవరి చీటీ వాళ్ళు రాసుకుంటారు."

ఓనరు ఒప్పుకునేవాడు కాదేమో. కానీ మేస్త్రి అప్పటికే బల్ల జరుపుతున్నాడు.

చీటీలు లెక్కపెడితే ఎక్కువమందికి నాలుగో ఐదో వచ్చాయి. కళ్లద్దాల అమ్మాయి ఒకతెకు ఏడు. మాస్టారికి మూడు.

"మరి ఇన్నాళ్ళూ మీ గదిలో ఖరీదైనదే బాగా వినిపించిందే నాకు?" అన్నాడాయన. అది నిలదీయడం కాదు, నిజంగా తెలియక అడుగుతున్నాడు.

ఆమె ఓనరు వైపు చూసింది. అతను వద్దన్నట్టు తల అడ్డంగా, చాలా చిన్నగా ఊపాడు.

"ఖరీదైనది పెట్టేటప్పుడు వాల్యూమ్ రవ్వంత పెంచేవాళ్ళం మాస్టారూ. రవ్వంత పెరిగితే చెవికి అదే బాగుందనిపిస్తుంది. ఇవాళ మేస్త్రి శబ్దం కొలిచే మీటరు పెట్టి మూడూ సమానం చేశాడు."

ఎవరో కుర్చీ వెనక్కి తన్ని లేచారు. "మరి నేను పోయినేడు కొన్న పెట్టె సంగతేంటి?" అని ఇంకొకరు గొంతు పెంచారు. అరగంటలో హాలు ఖాళీ అయింది. ఓనరు తెర ఊడదీసి, మడతైనా పెట్టకుండా మూలకు విసిరేశాడు.

ఇంటికెళ్ళి భర్తకు మొత్తం చెప్పింది, డాక్టరు కాగితంతో సహా. ఆయన కాసేపు ఆ గీతను వేలితో తడుముతూ కూర్చున్నాడు.

"నాకు ముందే చెప్తే నేనూ వచ్చేవాణ్ణి కదే" అన్నాడు. అప్పుడేడ్చింది ఆమె.

సోమవారం నుంచి ఆమెను వైర్లు, పిన్నులు అమ్మే కౌంటర్లో కూర్చోబెట్టారు. ఓనరు ఆమె ముందునుంచే వెళ్ళేవాడు, గోడను చూస్తూ. పెట్టె కొన్నవాళ్ళలో ఇద్దరు గొడవపడి వెనక్కి ఇచ్చేశారు. ఉద్యోగం ఎప్పుడు పోతుందా అని రోజూ టిఫిన్ డబ్బా మూత తీస్తూ అనుకునేది. అలా పంతొమ్మిది రోజులు గడిచాయి. ఇరవయ్యో రోజు షాపు కట్టేసే ముందు అతను వచ్చి కౌంటరు అవతల నిలబడ్డాడు.

"నా పరువు తీశావక్కా."

"తీశాను."

"ముందు నాతో చెప్పొచ్చు కదా!"

"చెప్పాల్సింది. భయమేసింది. ఉద్యోగం పోతుందని కాదు. ఆ పేరు పోతే ఇంక నేనేంటి అనిపించింది."

అతను వైరు చుట్ట ఒకటి తీసి విప్పుతూ, మళ్ళీ చుడుతూ నిలబడ్డాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు: "నాకు మాత్రం ఎప్పుడు వినపడిందక్కా ఆ తేడా? ఒక్కసారి కూడా వినపడలేదు. నువ్వు చెప్పేదానివి, నాన్న నమ్మేవాడు, నేను అందరికీ అదే అప్పజెప్పేవాణ్ణి. నాకే చెవుల్లేవేమో అనుకున్నా."

ఆమె పీట లాగి అతనికి ఇచ్చింది.

వినే గదిలో ఇప్పుడు తెర ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. కొనేవాళ్ళు మీటరు పెట్టి, వాల్యూమ్ సమానం చేసుకుని, తామే విని తేల్చుకోవాలి. ఖరీదైన ప్లేయర్లు కదలడం తగ్గింది. స్పీకర్లలో తేడా మాత్రం తెర వెనకున్నా అందరికీ తెలుస్తోంది, అవి అమ్ముడవుతున్నాయి. షాపు నిలబడుతుందో లేదో ఓనరుకే తెలియదు. ఆమె చెవులకు మిషన్లు పెట్టుకుంది. పాటకు అవి పనికిరావు, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసినట్టుంటుంది, తీసేసి వింటుంది. వారంలో మూడు రోజులు ఇళ్ళకు వెళ్ళి, చిన్న మైకుతో గదులు కొలిచి, స్పీకర్లు ఎక్కడ పెట్టాలో చెప్పి వస్తోంది.

మొదట పిలిచింది భూగోళం మాస్టారు. ఆయన స్పీకర్లు రెండూ సోఫా వెనక, పరదా చాటున ఉన్నాయి. సోఫా జరిపించి, స్పీకర్లు గోడకు మూరెడు దూరంగా ముందుకు లాగి, ఒక పాట సీడీలోంచి, అదే పాట యాప్‌లోంచి వేసింది. మాస్టారు భార్య గుమ్మంలో చేతులు కట్టుకుని చూస్తోంది.

"ఇంతకీ ఏది మంచిదో చెప్పమ్మా. ఈయన అలమర ఉంచాలా, తీసెయ్యాలా?" అంది ఆవిడ.

"నాకు వినపడదమ్మా. మీరిలా వచ్చి మధ్యలో కూర్చోండి" అంది ఆమె.

ఆవిడ కూర్చుంది. రెండుసార్లూ పూర్తిగా వింది.

"రెండూ ఒక్కలాగే ఉన్నాయి" అంది చివరికి. "కానీ సోఫా ఇక్కడే ఉండనివ్వండి."